తొలి నమూనా – దాని ప్రయోజనము

పెద్ద పని నారంభించుటకు ముందు చిన్న పని చేసి చూచుకొనుట మన పూర్వులకు తెలియని సంగతి కాదు. కంచు విగ్రహమును పోతపోయువాడు ముందుగా మైనముతో బొమ్మను చేసి, కనుముక్కుతీరు సరిగా నున్నదో లేదో చూచుకొని, పిదప లోహమును కరగించును. దర్జీ చొక్కాను గట్టిగా కుట్టుటకు ముందు ఎడమెడముగా కుట్లు వేసి, తొడిగించి చూచును. విద్యార్థి వ్యాసమును మొదట చిత్తుప్రతిగా వ్రాసి, దిద్దుకొని, ఆ మీదట శుద్ధప్రతి వ్రాయును. మైనమును మరల మెత్తచేయవచ్చును, ఎడముకుట్టును విప్పవచ్చును, చిత్తుప్రతిలోని వాక్యమును కొట్టివేయవచ్చును. పోసిన కంచును, పరీక్షాధికారి చేతికందించిన కాగితమును వెనుకకు తెచ్చుకొనుట మాత్రము దుర్లభము.

కంప్యూటరు యంత్రములను నిర్మించువారును ఈ పద్ధతినే అవలంబించుచున్నారు. సంపూర్ణమైన యంత్రమును గాని ప్రోగ్రామును గాని తయారుచేయుటకు పూర్వము, కొద్ది కాలములో, కొద్ది వ్యయముతో, దానిని పోలినదొకటి కల్పించి పరీక్షించుటకు ఇంగ్లీషున ర్యాపిడ్ ప్రోటోటైపింగ్ అని పేరు. మనము దీనిని త్వరిత నమూనా నిర్మాణ మనవచ్చును. ఈ పద్ధతి యెట్టిది, ఏల కావలసివచ్చినది, దానివలన కలుగు మేలేమి, దాని హద్దులేవి అను విషయములను మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తేటపరచుటయే ఈ వ్యాసము నుద్దేశము.

కంప్యూటరునందు రెండంశములు గలవు. కంటికి కనబడి చేతికి తగులు చిప్పులు, తీగలు, బోర్డులు, తెర, మీటలు మొదలగునవి హార్డ్‌వేరు. ఆ యంత్రము ఏ క్రమమున ఏ పని చేయవలెనో తెలుపు ఆజ్ఞల సముదాయము సాఫ్ట్‌వేరు. ఈ రెంటిలోను తప్పులు దొరలుట సహజమే. అయితే ఆ తప్పు ఎప్పుడు బయటపడినదను దానినిబట్టి నష్టము మారుచుండును. ఊహ కాగితము మీద నున్నప్పుడు తెలిసిన తప్పును రబ్బరుతో తుడిచివేయవచ్చును. సాఫ్ట్‌వేరులోని తప్పును, అది వేలమంది చేతులలోనికి పోయిన తరువాత సైతము, ప్రయాసపడి దిద్దవచ్చును. చిప్పు సంగతి వేరు. సిలికాను పలకమీద అతిసూక్ష్మమైన గీతలుగా ఒకసారి ముద్రపడిన దానిని దిద్దుట సాధారణముగా సాధ్యము కాదు. దానిని పారవేసి క్రొత్తదానిని చేయవలసినదే.

ఇందుకొక దృష్టాంతము చెప్పుదుము. 1993లో అమెరికాలోని ఇంటెల్ సంస్థవారు పెంటియం అను చిప్పును విడుదల చేసిరి. భాగహారము చేయుటకై ఆ చిప్పులో ఒక పట్టిక అమర్చబడియుండెను. ఎక్కములు వల్లించిన బాలుడు లెక్కను త్వరగా చేయునట్లు, చిప్పు ఆ పట్టికను చూచి భాగహారమును త్వరగా ముగించును. ఆ పట్టికలో కొన్ని గడులు పొరపాటున నిండక మిగిలిపోయెను. అందుచేత కొన్ని కొన్ని సంఖ్యలను భాగించునప్పుడు జవాబులో తేడా వచ్చుచుండెను. 1994లో థామస్ నైస్లీ అను గణితశాస్త్రోపాధ్యాయుడు తన పరిశోధనలో లెక్కలు సరిపడకుండుట గమనించి, పలుమారులు సరిచూచుకొని, దోషము తన ప్రోగ్రాములో గాక చిప్పులోనే యున్నదని కనుగొనెను. సంస్థవారు తుదకు కోరిన వారికెల్ల చిప్పును మార్చి యిచ్చుటకు ఒప్పుకొనవలసివచ్చెను. దీనివలన వారికైన నష్టము 47 కోట్ల 50 లక్షల డాలర్లు. నిండని కొన్ని గడులకు చెల్లించిన వెల యిది.

తప్పు దొరలకుండ చూచుకొనుట యెంత ముఖ్యమో, దొరలిన తప్పు చౌకగా నున్న దశలోనే బయటపడునట్లు చేయుటయు అంత ముఖ్యము. నమూనా వలన సిద్ధించు ప్రయోజన మిదియే. కావున నమూనాను ఒక ప్రశ్నగా తలంచుట మంచిది. నిర్మాత తన ఊహను గూర్చి లోకమును అడుగు ప్రశ్నలు ముఖ్యముగా మూడు: ఈ వస్తువు మనుష్యులకు ఉపయోగపడునా? అనుకొన్నట్లు పనిచేయునా? పెట్టినచోట నిలుచునా? ఏ ప్రశ్నకు జవాబు కావలెనో దానికి తగిన నమూనానే చేయవలెను. అంతకు మించి యొక్క మేకైనను కొట్టనక్కరలేదు.

మొదటి ప్రశ్నకు విద్యుచ్ఛక్తియే అక్కరలేదు. జెఫ్ హాకిన్స్ అను అమెరికా ఇంజనీరు జేబులో పట్టు చిన్న కంప్యూటరును చేయదలచెను. అతని సంస్థవారు పాలుపంచుకొనగా 1993లో వెలువడిన జూమర్ అను యంత్రము ప్రజల ఆదరమును పొందలేదు. ఈ మారు అతడు ముందుగా ఒక చెక్కముక్కను కావలసిన పరిమాణమునకు కోసి, దానిమీద కాగితపు తెర నంటించి, చొక్కాజేబులో పెట్టుకొని తిరుగసాగెను. ఎవరైనను ఒక సమావేశమునకు తేదీ అడిగినచో, ఆ చెక్కను తీసి, పుల్లతో దానిమీద వ్రాయుచున్నట్లు నటించెడివాడు. చూచువారికిది వింతగానే యుండియుండును. కాని జేబులో ఎంత లావు ఓర్చుకొనవచ్చును, రోజులో ఎన్నిసార్లు తీయవలసివచ్చును, ఏ పనికి తీయవలసివచ్చును అను సంగతులు ఆ చెక్కముక్కవలననే అతనికి బోధపడెను. 1996లో వెలువడిన పామ్ పైలట్ యంత్రము ఆ కొలతలనుండియే పుట్టి, విశేషముగా అమ్ముడుపోయెను.

సాఫ్ట్‌వేరునందును ఇట్టి ఉపాయమే గలదు. మనుష్యుడు మాటలాడుచుండగా దానంతట అదియే టైపుచేయు యంత్రమును గూర్చి ఐ.బి.ఎం. సంస్థ పరిశోధకులు ఆలోచించిరి. ఆ కాలమున మాటను గ్రహించు సాఫ్ట్‌వేరు ఇంకను బాల్యదశలో నుండెను. దానిని నిర్మించుటకు చాల సంవత్సరములు పట్టును. నిర్మించిన పిదప జనులు దానిని వాడుటకు ఇష్టపడకపోయినచో ఆ శ్రమయంతయు వ్యర్థమగును. కావున వారు ప్రక్కగదిలో ఒక టైపిస్టును కూర్చుండబెట్టిరి. ఈ గదిలోనివాడు మైక్రోఫోనులో ఉత్తరమును చెప్పుచుండగా, ఆ టైపిస్టు విని టైపుచేయుచుండెను. అక్షరములు ఇతని యెదుట తెరమీద కనబడుచుండెను. మాటమాటకు ఆగి చెప్పవలసివచ్చినచో జనులు సహింతురా, యంత్రమునకు కొద్ది పదములే తెలిసియున్నచో చాలునా అను విషయములను వారు ఈ విధముగా పరీక్షించి, 1983లో ఫలితములను ప్రకటించిరి. అట్టి యంత్రములలో కొన్ని చేతివ్రాతకు తీసిపోవని తేలెను. లేని యంత్రమును గూర్చి ఉన్న జ్ఞానమును సంపాదించుట యనగా నిదియే.

ఇంతకంటె సులభమైన పద్ధతియు గలదు. ప్రోగ్రాములో కనబడవలసిన తెరలను ఒక్కొక్క కాగితముమీద పెన్సిలుతో గీయుదురు. వాడువాడు ఒక గడిని వ్రేలితో తాకగా, ఎదుట కూర్చున్నవాడు ఆ కాగితమును తీసి తరువాతి కాగితమును పెట్టును. వాడువాడు ఎక్కడ తడబడునో, ఏ మాట అర్థము గాక ఆగిపోవునో, అక్కడ దిద్దుబాటు కావలెనని తెలియును. ఒక దినములో నాలుగైదు మారులు తెరలను మార్చి గీయవచ్చును. ఒక్క ఆజ్ఞయైనను వ్రాయకమునుపే ప్రోగ్రాములోని చిక్కులు చాలవరకు విడిపోవును.

రెండవ ప్రశ్న, పనిచేయునా అనునది. దీనికి తీగలు, చిప్పులు కావలెను. రేడియో క్రొత్తగా వచ్చిన దినములలో ఔత్సాహికులు రొట్టె కోయు చెక్కపలకమీద మేకులు కొట్టి, వానికి తీగలు చుట్టి, సర్క్యూటులను అమర్చుకొనెడివారు. అందుచేతనే నేటికిని నమూనాసర్క్యూటు అమర్చు పలకకు రొట్టెపలక యను అర్థమిచ్చు బ్రెడ్‌బోర్డు అను పేరు నిలిచిపోయినది. ఇప్పటి పలక ప్లాస్టిక్కుతో చేసినది. దానికి వరుసలుగా చిన్న రంధ్రము లుండును. తీగకొనను రంధ్రములో గ్రుచ్చినచో లోపలి లోహపుపట్టీ దానిని పట్టుకొనును. సీసము కరగించి అతుకనక్కరలేదు. పొరపాటైనచో తీగను పెరికి మరియొక రంధ్రములో గ్రుచ్చవచ్చును.

ఆ పలకకు తోడుగా ఆజ్ఞలను పాటించు చిన్న కంప్యూటరుబోర్డులు వచ్చినవి. ఇటలీదేశమున ఇవ్రియా పట్టణములోని ఒక విద్యాసంస్థలో, ఎలక్ట్రానిక్స్ చదువని విద్యార్థులకు సైతము సులభముగా నుండునట్లు 2005లో ఆర్డుయినో అను బోర్డును రూపొందించిరి. దానికి ఆజ్ఞలు వ్రాసి పంపుటకు కంప్యూటరునుండి ఒక్క తీగ చాలును. చిప్పులనే నిర్మించువారికి ఇంకొక సాధనము గలదు. 1985లో జైలింక్స్ సంస్థవారు ఎఫ్.పి.జి.ఎ. అను జాతి చిప్పును మొదటిసారిగా అమ్మకమునకు తెచ్చిరి. అందులో 64 తర్కఖండములు మాత్రమే యుండెను. దీని విశేష మేమనగా, ఆ ఖండములను ఏవిధముగా కలుపవలెనో కొనినవాడే ఆజ్ఞలద్వారా నిర్ణయించుకొనును. నచ్చనిచో మరల మార్చుకొనును. పలకమీద బలపముతో వ్రాసి తుడుచుకొన్నట్లు, చిప్పును వ్రాసి తుడుచుకొను వీలు కలిగెను. అచ్చుచిప్పును పోయించుటకు ముందు దాని రూపమును ఇట్టి చిప్పులమీద నడిపించి చూచుట నేడు సర్వసాధారణము.

యంత్రమునకు పెట్టెయు, మీటలును, బొత్తాములును కావలెను గదా. అమెరికాలో చార్లెస్ హల్ అను నాతడు, అతినీలలోహిత కాంతి సోకినచోట గట్టిపడు ద్రవమును పొరమీద పొరగా గట్టిపరచి వస్తువులను చేయు పద్ధతిని కల్పించి, 1986లో పేటెంటును పొందెను. ఇప్పుడు మనము త్రీడీ ప్రింటింగ్ అని పిలుచు విద్యకు అది మొదలు. అయినను చేతికందిన వస్తువుతోనే పని జరుపుకొనుట నమూనాకారుని నేర్పు. 1980లో ఆపిల్ సంస్థకొరకు తక్కువ వెల మౌసును చేయబూనిన ఇంజనీర్లు, చెమటవాసన పోగొట్టు మందుసీసామూతిలోని గోళమును, వెన్న పెట్టుకొను గిన్నెను తెచ్చి తమ తొలి నమూనాను కూర్చిరి. గోళము నేలమీద దొర్లుచు దిక్కును తెలుపగలదా యను ప్రశ్నకు ఆ గిన్నెయే జవాబు చెప్పెను.

మూడవ ప్రశ్న, పెట్టినచోట నిలుచునా అనునది. ఇందుకు మన దేశమునందే, అందులోను మన హైదరాబాదునకు సంబంధించిన దృష్టాంతము గలదు. వోట్లు వేయుటకు ఎలక్ట్రానిక్ యంత్రమును రూపొందించు పనిని ఎన్నికల సంఘమువారు హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థకు అప్పగించిరి. 1979లో నమూనా సిద్ధమయ్యెను. 1980 ఆగస్టు 6వ తేదీన దానిని రాజకీయపక్షముల ప్రతినిధులకు చూపిరి. 1982 మేలో కేరళలోని పరూరు నియోజకవర్గమున 50 పోలింగు కేంద్రములలో దానిని వాడి చూచిరి. ఆ యెన్నికపై వ్యాజ్యము నడువగా, చట్టములో ప్రత్యేకముగా చెప్పనిదే యంత్రముతో వోట్లు వేయించరాదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ 50 కేంద్రములలో కాగితపు వోట్లతో మరల యెన్నిక జరుపవలసివచ్చెను. అనగా కొరత తీగలో గాక చట్టములో బయటపడెను. 1988లో పార్లమెంటు చట్టమును సవరించెను. 1998లో 16 శాసనసభా నియోజకవర్గములలో యంత్రములను వాడిరి. 2004లో లోక్‌సభ యెన్నికలు దేశమంతట వానితోనే జరిగెను. మొదటనే దేశమంతట ప్రవేశపెట్టియున్నచో ఆ తీర్పువలన ఎంత చిక్కు కలిగియుండునో చదువరులే యూహింపవచ్చును.

వోటు ఎవరికి పడినదో కాగితముమీద చూపు పరికరమును తరువాత చేర్పదలచినప్పుడు, 2011 జులైలో దాని నమూనాలను లడఖ్, జైసల్మేరు, చిరపుంజి, తిరువనంతపురము, తూర్పు ఢిల్లీ ప్రాంతములలో పరీక్షించిరి. చలిప్రదేశము, ఎడారి, వానలకు పేరుపొందిన చోటు, సముద్రతీరము, రద్దీ నగరము ఇందులో చేరియున్నవి. ప్రయోగశాలలో చక్కగా అచ్చువేసిన పరికరము ఉక్కలోను దుమ్ములోను అట్లే వేయునా యను ప్రశ్నకు ప్రయోగశాల జవాబు చెప్పజాలదు.

ఇక హద్దులను గూర్చి చెప్పవలెను. నమూనా తన్ను అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పును. అడుగని దానికి మౌనముగా నుండును. 1996 జూన్ 4వ తేదీన ఐరోపా దేశములవారి ఏరియాన్ 5 రాకెట్టు తన మొదటి ప్రయాణమున, బయలుదేరిన నిమిషమైనను గడువకమునుపే ఆకాశమున విచ్ఛిన్నమయ్యెను. దిక్కును తెలుపు పరికరములోని సాఫ్ట్‌వేరు పూర్వపు ఏరియాన్ 4నుండి తీసికొన్నది. అందు ఒక సంఖ్యకు కేటాయించిన గడిలో 32,767 కంటె పెద్ద సంఖ్య పట్టదు. క్రొత్త రాకెట్టు వేగము హెచ్చైనందున ఆ సంఖ్య గడిని మించిపోయి, పరికరము ఆగిపోయెను. పాత రాకెట్టులో అది చక్కగా పనిచేసెను గదాయని, క్రొత్త రాకెట్టు మార్గమును కల్పించి ఆ పరికరమును పరీక్షింపలేదు. అట్లు పరీక్షించియున్నచో దోషము నేలమీదనే తెలిసియుండునని విచారణసంఘము తేల్చెను. రాకెట్టుతో పాటు నాలుగు ఉపగ్రహములును నశించెను.

రెండవ హద్దు మనుష్యుని ఆశవలన కలుగునది. నమూనా పనిచేయగానే ఇదియే యంత్రము, దీనినే అమ్ముదమని తొందరపడుట కలదు. త్వరగా చేసిన దానిలో దొంగలను ఆపు తాళములు, పొరపాటును సరిదిద్దు ఏర్పాట్లు, లక్షమంది ఒక్కసారి వచ్చినను తట్టుకొను బలము ఉండవు. అందుచేత విన్‌స్టన్ రాయిస్ అను నాతడు 1970లోనే, పెద్ద సాఫ్ట్‌వేరును రెండుమారులు చేయుమని, మొదటిది నేర్చుకొనుటకనియు, రెండవది అప్పగించుటకనియు సలహా యిచ్చెను. ఐ.బి.ఎం. వారి మహాప్రోగ్రాము నొకదానిని నడిపించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ప్రకటించిన గ్రంథమున, మొదటిదానిని పారవేయుటకు ముందే సిద్ధపడియుండుమని చెప్పెను. 1995లో ఆయనయే ఆ మాటను సవరించి, మొత్తము పారవేయుటకంటె కొద్దికొద్దిగా పెంచుచు, అడుగడుగునకు వాడువారికి చూపి దిద్దుకొనుట మేలనెను. పారవేయదగిన నమూనా ఏది, పెంచుకొనదగినది ఏది అను సంగతిని మొదటనే నిశ్చయించుకొనుట మంచిది.

విద్యార్థులారా, ఈ పద్ధతి మీకు దూరమైనది కాదు. హాస్టలు మేడమీది నీటితొట్టి నిండి పొర్లి, నీరును విద్యుత్తును వృథా యగుచున్నవనుకొందము. తొట్టి నిండగానే మ్రోగు గంటను చేయవలెను. మొదట ఏమియు కొనవద్దు. ఒక బాలుని తొట్టివద్ద నిలిపి, నిండగానే పళ్లెమును కర్రతో కొట్టుమనుడు. ఆ చప్పుడు ఎవరికి వినబడినది? మోటారు నాపుటకు ఎవరు వచ్చిరి? వంటయింటిలో నున్నవారికి వినబడనిచో గంటను మేడమీద గాక వంటయింటిలో పెట్టవలెనని తెలియును. ఒక్క పైసాయైన ఖర్చులేదు.

పిదప రొట్టెపలక తీయుడు. రెండు రాగితీగలను తొట్టిలో వ్రేలాడదీసి, నీరు తాకగానే విద్యుత్తు ప్రవహించునట్లు అమర్చినచో గంట మ్రోగును. సంతోషమే. కాని కొన్ని దినములుంచి చూడుడు. ఒకే దిక్కున ప్రవహించు విద్యుత్తువలన తీగలలో నొకటి పచ్చబారి అరిగిపోవును. అప్పుడు తీగలకు బదులు నీటిపై తేలు బుడ్డికి స్విచ్చి కట్టవలెనని తోచును. బుడ్డి కట్టగా మరియొక చిక్కు వచ్చును. గొట్టమునుండి పడు నీటివలన అలలు లేచి, బుడ్డి ఎగిరిపడుచుండ గంట ఆగియాగి మ్రోగును. దీనికి హార్డ్‌వేరు మార్చనక్కరలేదు. స్విచ్చి వరుసగా అయిదు సెకండ్లు మూసియున్నప్పుడే మ్రోగుమని ప్రోగ్రాములో ఒక ఆజ్ఞ చేర్చినచో చాలును. ఇట్లు మూడు నమూనాలు మూడు సంగతులను నేర్పును. ఒక్కొక్క నమూనా చేసినప్పుడు, ఏమి అడిగితిమి, ఏమి తెలిసినది, ఏమి మార్చితిమి అను మూడు పంక్తులను తేదీతో పుస్తకములో వ్రాసికొనుడు. ఆ పుస్తకము లేనిచో రెండవవాడు మొదటివాని తప్పునే మరల చేయును.

ఇట్టి పనికి నేడు తావులు ఏర్పడుచున్నవి. తెలంగాణ ప్రభుత్వమువారు నమూనాల నిర్మాణమునకై నెలకొల్పిన టీ-వర్క్స్ అను కేంద్రము 2023 మార్చి 2వ తేదీన హైదరాబాదులో ప్రారంభింపబడెను. 2016లో మొదలైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ క్రింద, 6వ తరగతి మొదలు 12వ తరగతి వరకు గల విద్యార్థులకై దేశమంతట సుమారు 10,000 పాఠశాలలలో ప్రయోగశాలలు ఏర్పడినవి. వానికి 20 లక్షల రూపాయల వరకు సహాయ మొసగు ఏర్పాటు కలదు. అట్టి శాల లేని పాఠశాలలో సైతము అట్టముక్క, కత్తెర, పెన్సిలు, కాగితము దొరకకపోవు.

తలిదండ్రులకు ఒక్క మనవి. మీ పిల్లవాడు ఇంటిలో విరిగిన బొమ్మ మోటారును, పాత బ్యాటరీని కూర్చి ఏదియో చేసి, అది పనిచేయక చతికిలబడినప్పుడు, డబ్బు పాడుచేసితివని కోపింపక, దీనివలన ఏమి తెలిసికొంటివని యడుగుడు. గోడలోని కరెంటును ముట్టకుండ చిన్న బ్యాటరీలతోనే పని జరుపునట్లు మాత్రము కాపాడుడు. అతడు జవాబు చెప్పగలిగినచో ఆ వస్తువు వ్యర్థము కాలేదు. చెప్పలేనిచో, అది చక్కగా పనిచేసినను ఇంకొకమారు చేసి చూడుమని చెప్పుట మంచిది.